ఉక్కు ఉన్నా గుండ్లు ఎందుకు రావు? మిత్రదేశానికి మందుగుండు సరఫరాలో అసలు చిక్కు

ఉక్రెయిన్‌పై రష్యా దాడి 2022 ఫిబ్రవరి 24న మొదలైంది. ఏడాది తిరిగేసరికి ఎవరూ ఊహించని కొరత ఒకటి బయటపడింది. ప్రపంచంలోని సంపన్న దేశాల్లో చాలా వరకు ఉక్రెయిన్ పక్షాన నిలిచాయి. డబ్బు ఇచ్చాయి, క్షిపణులు ఇచ్చాయి, యుద్ధ ట్యాంకులూ ఇచ్చాయి. వందేళ్ల కిందటి నుంచీ తయారవుతున్న ఫిరంగి గుండ్లను మాత్రం కావలసినన్ని ఇవ్వలేకపోయాయి. పన్నెండు నెలల్లో 10 లక్షల గుండ్లు అందిస్తామని ఐరోపా సమాఖ్య 2023 మార్చిలో మాట ఇచ్చింది. గడువు ముగిసేనాటికి 5,24,000 మాత్రమే అందించగలమని 2024 జనవరిలో ఒప్పుకుంది.

ఈ వార్తలు విశాఖపట్నంలో చదివేవారికి సందేహం కలగడం సహజం. ఇక్కడ ఉక్కు కర్మాగారం ఉంది, లోతైన రేవు ఉంది, తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉంది, నౌకా నిర్మాణ కేంద్రం ఉంది. టార్పెడోలు రూపొందించే ప్రయోగశాల, తయారుచేసే యూనిట్ కూడా ఉన్నాయి. ఇన్ని ఉన్న ఊరి నుంచి చూస్తే గుండు పోత పోయడం పెద్ద పని అనిపించదు. అది ఎందుకు పెద్ద పనో, అందులో ఏ మెట్టు దగ్గర పని ఆగిపోతుందో, మిత్రదేశానికి సరఫరా చేసే దేశం తన నిల్వల విషయంలో ఏ ఇబ్బందిలో పడుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సంక్షిప్తంగా

ఫిరంగి గుండ్ల కొరతకు మూలం ఉక్కు కాదు. గుండులో నింపే పేలుడు పదార్థం, గుండును గొట్టం నుంచి తోసే చోదక మందు, వాటిని ప్రమాదం లేకుండా చేయగల కొద్దిపాటి కర్మాగారాలు — కొరత ఉన్నది వీటిలో. శాంతికాలంలో మూసేసిన ఇలాంటి కర్మాగారాన్ని తిరిగి నిలబెట్టడానికి ఏళ్లు పడుతుంది. యుద్ధం ముగిశాక కూడా ఆర్డర్లు ఉంటాయన్న హామీ లేనిదే కంపెనీలు పెట్టుబడికి ముందుకు రావు. ఈలోగా మిత్రుడికి పంపేదంతా సొంత గోదాముల నుంచే పోతుంది.

18 ఏళ్ల ఉత్పత్తి మూడేళ్లలో ఖర్చు

యుద్ధానికి ముందు అమెరికా నెలకు దాదాపు 14,000 గుండ్లు తయారుచేసేది. ఇవి 155 మిల్లీమీటర్ల వ్యాసం గలవి. నాటో దేశాల పెద్ద ఫిరంగులకు ఇదే ప్రామాణిక కొలత, భారత సైన్యం బోఫోర్స్ ఫిరంగులకూ ఇదే. శిక్షణకు, పాత సరుకు మార్పిడికి ఆ సంఖ్య సరిపోయేది. 2025 జనవరి నాటికి అమెరికా ఉక్రెయిన్‌కు ఇచ్చిన 155 మి.మీ. గుండ్లు 30 లక్షలు దాటాయి. పాత వేగంతో లెక్కిస్తే ఇది దాదాపు 18 ఏళ్ల ఉత్పత్తి.

యుద్ధరంగంలో ఖర్చు రోజుకు వేలల్లో ఉంది. అంటే అమెరికా నెలంతా చేసిన గుండ్లు కొద్ది రోజుల్లో అయిపోయేవి. ఉక్రెయిన్ వాడకం తమ ఉత్పత్తి కంటే అనేక రెట్లు ఎక్కువగా ఉందని అప్పటి నాటో ప్రధాన కార్యదర్శి జెన్స్ స్టోల్టెన్‌బర్గ్ 2023 ఫిబ్రవరిలోనే చెప్పారు. నెలకు లక్ష గుండ్లను లక్ష్యంగా పెట్టుకున్న అమెరికా 2025లో సుమారు 40,000 దగ్గరే ఆగింది. మూడు రెట్ల పెరుగుదల చిన్నది కాదు. అయినా లక్ష్యంలో సగం కూడా కాలేదు.

రష్యా పరిస్థితి వేరు. అక్కడి ఆయుధ కర్మాగారాలు ఎక్కువగా ప్రభుత్వ అధీనంలో ఉన్నాయి. లాభం లేకపోయినా సోవియట్ కాలపు యంత్రాలను, షెడ్లను పూర్తిగా వదిలించుకోలేదు. యుద్ధం రాగానే షిఫ్టులు పెంచారు, పాత గుండ్లను బాగుచేశారు, ఉత్తర కొరియా నుంచి తెప్పించుకున్నారు. 2024 మార్చిలో వెలువడిన నాటో అంచనా ప్రకారం రష్యా నెలకు సుమారు 2,50,000 గుండ్లు చేస్తోంది. ఆర్థిక బలంలో ఎంతో చిన్నదైన దేశం ఈ ఒక్క వస్తువులో ముందుండటానికి ప్రధాన కారణం, వాడని సామర్థ్యాన్ని అట్టిపెట్టుకోవడమే.

ఉక్కు దిమ్మ నుంచి గుండు దాకా

155 మి.మీ. గుండు బరువు 45 కిలోలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. దాని ప్రయాణం పొడవాటి ఉక్కు కడ్డీతో మొదలవుతుంది. కడ్డీని ముక్కలు కోసి, దాదాపు 1,100 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా కాల్చి, ప్రెస్సు కింద పెట్టి లోపలికి బొరియ పొడుస్తారు. ఎర్రగా ఉన్నప్పుడే సాగదీసి గొట్టంలా చేస్తారు. తర్వాత లేత్ మీద చెక్కి, పైకొసను మొనలా వంచి, వేడిచేసి చల్లార్చి గట్టిపరుస్తారు. అడుగు భాగంలో ఒక రాగి పట్టీ బిగిస్తారు. ఫిరంగి గొట్టం లోపలి మెలికల గాళ్లలో ఈ పట్టీ ఇరుక్కుని గుండును గిరగిరా తిప్పుతుంది. ఆ తిరుగుడు వల్లే గుండు గాలిలో తలకిందులు కాకుండా నేరుగా వెళ్తుంది.

అమెరికాలో ఈ పని ఎక్కువగా జరిగేది పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో. 1900ల తొలి సంవత్సరాల్లో రైలింజన్ల మరమ్మతుకు కట్టిన షెడ్లను 1950లలో గుండ్ల కర్మాగారంగా మార్చారు. అక్కడ తయారైన ఖాళీ గుండ్లు అయోవా రాష్ట్రానికి వెళ్తాయి. పేలుడు పదార్థం నింపేది అక్కడ. చోదక మందు వర్జీనియాలోని రాడ్‌ఫర్డ్ నుంచి, శక్తిమంతమైన పేలుడు పదార్థాలు టెనెసీలోని హోల్స్టన్ నుంచి వస్తాయి. గుండును పేల్చే ఫ్యూజులు మరోచోట తయారవుతాయి. ఒక్కో పనికి దేశం మొత్తానికి ఒకటో రెండో చోట్లే ఉన్నాయి. పెళ్లిలో పది వంటలు సిద్ధమైనా విస్తళ్లు రాకపోతే బంతి సాగదు. ఇక్కడా అంతే, వెనకబడిన ఒక్క కర్మాగారమే మిగతా అన్నిటి వేగాన్నీ నిర్ణయిస్తుంది.

2024 మేలో టెక్సస్‌లోని మెస్కీట్‌లో టర్కీ యంత్రాలతో కొత్త గుండ్ల కర్మాగారం తెరిచారు. ఉక్కు పని పెంచడం సాధ్యమేనని అది చూపించింది. యంత్రాలు కొనవచ్చు, మరమనుషులను పెట్టవచ్చు, షెడ్డు వేయవచ్చు. ఇబ్బంది ఆ తర్వాతి మెట్టు దగ్గర మొదలవుతుంది.

అసలు కొరత మందులో ఉంది

విశాఖ ఉక్కు కర్మాగారం వార్షిక సామర్థ్యం 73 లక్షల టన్నుల ద్రవ ఉక్కు. ఒక్కో గుండుకు 60 కిలోల దిమ్మ కావాలని ఉదారంగా లెక్కేసినా, 10 లక్షల గుండ్లకు పట్టేది 60,000 టన్నులు. అంటే ఈ ఒక్క కర్మాగారం సామర్థ్యంలో ఒక శాతం కూడా కాదు. గుండుకు వాడే ఉక్కు ప్రత్యేక రకం, దాని రసాయన మిశ్రమం, శుద్ధత కచ్చితంగా ఉండాలి. ఏ కడ్డీ పడితే ఆ కడ్డీ పనికిరాదు. అయినా పరిమాణం రీత్యా ఇది పెద్ద అవసరం కాదు. ఐరోపా సమాఖ్య తడబడింది ఉక్కు దొరక్క కాదు.

గుండులో నింపే టి.ఎన్.టి. సంగతి చూస్తే చిత్రం మారిపోతుంది. టొల్యూన్ అనే రసాయనాన్ని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలతో దశలవారీగా కలిపితే టి.ఎన్.టి. వస్తుంది. దాంతోపాటు ‘ఎర్రనీరు’ అని పిలిచే విషపు వ్యర్థం కూడా వస్తుంది. దాన్ని శుద్ధి చేసే భారం, శాంతికాలపు తక్కువ గిరాకీ కలిసి అమెరికాలో ఈ పరిశ్రమను మూయించాయి. 1986 తర్వాత అమెరికా సొంతంగా టి.ఎన్.టి. తయారుచేయలేదు. పోలండ్ నుంచి, ఇతర దేశాల నుంచి కొంటూ వచ్చింది. అలా కొన్న చోట్లలో తూర్పు ఉక్రెయిన్‌లోని రుబీజ్నే పట్టణం ఒకటి. 2022లో ఆ పట్టణం రష్యా చేతికి పోయింది. మిత్రుడికి గుండ్లు పంపాల్సిన దేశం ఆ గుండ్లలో నింపే మందు కోసం ఆ మిత్రుడి మీదే కొంత ఆధారపడి ఉందన్న సంగతి అప్పుడు తేలింది. కెంటకీ రాష్ట్రంలో కొత్త టి.ఎన్.టి. కర్మాగారానికి 43.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది 2024 నవంబరులో. అప్పటికి యుద్ధం మొదలై రెండున్నరేళ్లు దాటింది.

నింపే పని కూడా తొందరపడితే సాగేది కాదు. సుమారు 80 డిగ్రీల దగ్గర కరిగే టి.ఎన్.టి.ని గుండులో పోసి నెమ్మదిగా చల్లార్చాలి. గబగబా చల్లారిస్తే లోపల గాలి బుడగలు, పగుళ్లు ఏర్పడతాయి. కాల్చే క్షణంలో గుండు మీద పడే తోపు భూమ్యాకర్షణకు పది వేల రెట్లకు పైగా ఉంటుంది. లోపల ఖాళీ ఉంటే ఆ తోపుకు గొట్టంలోనే పేలి, ఫిరంగి దగ్గరున్న సైనికుల ప్రాణం తీస్తుంది. అందుకే నింపిన గుండ్లను ఎక్స్‌రే తీసి చూస్తారు. యుద్ధం ఎంత తొందరపెట్టినా ఈ పరీక్షను దాటవేయడానికి వీల్లేదు.

చోదక మందుది పత్తితో ముడిపడిన కథ. తెలుగు రాష్ట్రాల్లో పత్తి పండించేవారికి, గింజ నూనె మిల్లుల వారికి లింటర్ తెలుసు: దూది తీశాక కూడా గింజను అంటిపెట్టుకుని ఉండే పొట్టి పీచు. దీన్ని నైట్రిక్ ఆమ్లంతో చర్య జరిపిస్తే నైట్రోసెల్యులోజ్ వస్తుంది. చోదక మందుగా వాడే పొగరాని మందుకు మూలం అదే. ఐరోపా మందుగుండు కంపెనీలు ఈ పీచులో చాలా భాగం చైనా నుంచి తెప్పించుకుంటున్నాయని యుద్ధం మొదలయ్యాకే బయట చర్చకు వచ్చింది. రష్యాతో సన్నిహితంగా ఉన్న దేశం నుంచి ముడిసరుకు తెచ్చి రష్యాతో పోరాడుతున్న దేశానికి మందు చేయాలి. వ్యూహకర్తలను ఇంతకు మించి కలవరపెట్టే సంగతి ఉండదు.

నార్వేలో అడ్డు మరో రూపంలో వచ్చింది. అక్కడి మందుగుండు సంస్థ నామో 2023లో కర్మాగారాన్ని విస్తరించబోతే, ఆ ప్రాంతంలో మిగులు విద్యుత్తును అప్పటికే టిక్‌టాక్ డేటా కేంద్రం తీసేసుకుంది.

విశాఖలో పెట్టవచ్చా?

భారతదేశంలో ఈ గొలుసు ఇప్పటికే ఉంది. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దుచేసి 41 కర్మాగారాలను 7 ప్రభుత్వ సంస్థలుగా విడదీశారు. గుండ్ల లోహపు పని నాగపూర్ కేంద్రంగా ఉన్న యంత్ర ఇండియా చూస్తుంది. నింపడం, మందు తయారీ పుణె కేంద్రంగా ఉన్న మ్యునిషన్స్ ఇండియా కిందికి వస్తాయి. విశాఖ వైపు నుంచి చూస్తే దగ్గరున్న పెద్ద నింపుడు కర్మాగారం ఒడిశాలోని బొలాంగీర్ జిల్లా బడమాల్‌లో ఉంది. రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైల్లో వెళ్లాలి. జనసమ్మర్దం లేని చోట దాన్ని పెట్టడం యాదృచ్ఛికం కాదు.

పేలుడు పదార్థాలతో పనిచేసే ప్రతి భవనానికీ, పక్క భవనానికీ మధ్య నిర్ణీత దూరం ఉండాలి. చుట్టూ మట్టి కట్టలు వేయాలి. ఒక షెడ్డు పేలినా పక్క షెడ్డు నిలవాలన్నది నియమం. అందుకే చిన్న ఉత్పత్తికి కూడా వందల ఎకరాలు పడుతుంది. ఒకవైపు సముద్రం, మిగతా వైపుల కొండలు, మధ్యలో కిక్కిరిసిన నగరం ఉన్న విశాఖలో అలాంటి నేల దొరకదు. దొరికినా దాని చుట్టూ ఊరు పెరగకుండా ఆపే శక్తి ఎవరికైనా ఉందా అన్నది అసలు ప్రశ్న. విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి పీల్చి 12 మంది చనిపోయారు. ఆ కర్మాగారం కట్టిన 1960లలో అది ఊరికి దూరమే. తర్వాత ఇళ్లు దాని గోడ దాకా వచ్చాయి. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా కేంద్రం పేలి 8 మంది చనిపోయారు. అదే ఏడాది జనవరి 24న మహారాష్ట్రలోని భండారా ఆయుధ కర్మాగారంలో పేలుడుకు 8 మంది బలయ్యారు. ఏళ్ల అనుభవం, కఠిన నియమాలు ఉన్న కర్మాగారంలోనే ఇది జరిగిందంటే, కొత్త చోట హడావుడిగా మొదలుపెట్టే పనికి ఎంత జాగ్రత్త కావాలో ఊహించవచ్చు.

రాష్ట్ర ప్రభుత్వ 2025 నాటి రక్షణ పరిశ్రమల విధానం కూడా ఈ తేడాను పాటించింది. నౌకాదళ పరికరాలను విశాఖ–శ్రీకాకుళం వైపు, క్షిపణులు, మందుగుండును జగ్గయ్యపేట–దొనకొండ వైపు ఉంచింది. విశాఖ బలం లోహం, యంత్రాల పని, సముద్రం. మందు నింపే పని ఈ ఊరికి తగదు, తేవాలని కోరడం కూడా మంచిది కాదు.

1915 నాటి బ్రిటన్

తొందర ఎంత ఖరీదైనదో చెప్పే ఉదాహరణ వందేళ్ల కిందటిది. 1915 మార్చిలో న్యూవ్ షపెల్ యుద్ధం తర్వాత బ్రిటిష్ సైన్యం దగ్గర గుండ్లు అడుగంటాయి. మే 14న టైమ్స్ పత్రిక ఆ సంగతి బయటపెట్టింది. ప్రభుత్వం కదిలిపోయింది, జూన్‌లో డేవిడ్ లాయిడ్ జార్జ్ నాయకత్వంలో మందుగుండుకు ప్రత్యేక మంత్రిత్వ శాఖ ఏర్పడింది. కొత్త కర్మాగారాలు కట్టారు, స్త్రీలను పెద్ద సంఖ్యలో పనిలోకి తీసుకున్నారు. ఉత్పత్తి నిజంగానే ఎన్నో రెట్లు పెరిగింది.

నాణ్యత మాత్రం పెరగలేదు. 1916లో సోమ్ యుద్ధానికి ముందు వారం రోజుల పాటు 15 లక్షల గుండ్లు కాల్చారు. వాటిలో దాదాపు 30 శాతం పేలలేదని అంచనా. శత్రువు ముళ్లతీగలు తెగలేదు, కందకాలు చెదరలేదు. జూలై 1 ఉదయం వాటి మీదికి నడిచివెళ్లిన బ్రిటిష్ సైనికుల్లో 19,000 మందికి పైగా ఆ ఒక్కరోజే చనిపోయారు. కర్మాగారాల్లోనూ ప్రాణాలు పోయాయి. 1917 జనవరి 19న లండన్ తూర్పు శివారు సిల్వర్‌టౌన్‌లో, ఇళ్ల మధ్య ఉన్న రసాయన కర్మాగారంలో టి.ఎన్.టి. శుద్ధి చేస్తుండగా పేలి 73 మంది చనిపోయారు. 1918 జూలై 1న చిల్వెల్ నింపుడు కర్మాగారంలో 134 మంది చనిపోయారు. టి.ఎన్.టి. ముట్టుకుని పనిచేసిన స్త్రీల చర్మం పసుపు రంగుకు తిరిగేది. కొందరు కాలేయం చెడి మరణించారు. అంకెలు చూసి గర్వపడిన ప్రభుత్వం ఈ ప్రాణాలను ఏ పద్దులో రాసుకుందో ఆలోచిస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆర్డరు ఎంతకాలం?

కంపెనీల వెనుకాడటాన్ని దురాశ అని కొట్టిపారేయడం తేలిక. వాటి లెక్క కూడా చూడాలి. మందు కర్మాగారం కట్టడానికి మూడు నాలుగేళ్లు, పెట్టుబడి తిరిగి రావడానికి పదేళ్ల పైన పడుతుంది. యుద్ధం రేపే ఆగవచ్చు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక 1990లలో ఆర్డర్లు ఒక్కసారిగా పడిపోయి ఎన్నో కర్మాగారాలు మూతపడ్డాయి. ఆ అనుభవం ఉన్నవారు రాజకీయ నాయకుల ప్రసంగాలు విని ఇటుక పేర్చరు, సంతకం చేసిన బహుళ సంవత్సరాల ఒప్పందం కోరతారు.

జర్మనీ కంపెనీ రైన్‌మెటాల్ ఉంటర్‌లూస్‌లో 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేసి 2025 ఆగస్టులో కర్మాగారం తెరిచింది. ఏడాదికి 3,50,000 గుండ్లు దాని లక్ష్యం. అంత త్వరగా లేవడానికి ప్రభుత్వాల దీర్ఘకాలిక ఆర్డర్లు కారణం. ఐరోపా సమాఖ్య కూడా 2023లో 50 కోట్ల యూరోలు ఉత్పత్తి సామర్థ్యం పెంచడానికి కేటాయించింది. ఈలోగా ధరలు మండాయి. గుండు ధర 2,000 యూరోల నుంచి 8,000 యూరోలకు పెరిగిందని అప్పటి నాటో సైనిక కమిటీ అధ్యక్షుడు రాబ్ బావర్ 2023 అక్టోబరులో చెప్పారు. డబ్బు పెరిగినంత వేగంగా సరుకు పెరగనప్పుడు ప్రతి దేశమూ మరో దేశంతో పోటీపడి ధర పెంచుతుంది. కాగితం మీద సాయం నాలుగింతలైనా ఫిరంగి దగ్గరికి చేరే గుండ్ల సంఖ్య మారదు.

చెక్ రిపబ్లిక్ వేరే దారి పట్టింది. కొత్తగా చేయడం కన్నా, ఎక్కడెక్కడ గుండ్లు ఉన్నాయో వెతికి, మిత్రదేశాల డబ్బుతో కొని పంపింది. 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన ఈ పథకం ఆ ఏడాదిలో సుమారు 15 లక్షల గుండ్లు సమకూర్చింది. తక్షణ అవసరానికి ఇంతకు మించిన ఫలితం మరే పథకమూ ఇవ్వలేదు. అయితే ఇది ఇతరుల గోదాములను ఖాళీ చేసే మార్గం. రెండోసారి అంత సులువుగా సాగదు.

మన నిల్వ, మిత్రుడి అవసరం

భారతదేశానికి ఈ సమస్య కొత్త కాదు. 1999 కార్గిల్ యుద్ధంలో మన సైన్యం 2,50,000కు పైగా గుండ్లు, బాంబులు, రాకెట్లు ప్రయోగించింది. యుద్ధం నడుస్తుండగానే విదేశాల నుంచి మందుగుండు కొనాల్సి వచ్చింది. భీకర యుద్ధం 40 రోజులు సాగినా సరిపడేంత నిల్వ ఉండాలన్నది మన లెక్క. కానీ 2017లో కాగ్ పరిశీలించిన 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజులకూ సరిపోని స్థితిలో ఉన్నాయి. ఆ తర్వాత పరిస్థితిని మెరుగుపరిచే కొనుగోళ్లు జరిగాయి. ప్రైవేటు కంపెనీలకూ ఈ రంగంలో అవకాశం ఇచ్చారు.

మరోవైపు ఎగుమతులు పెరుగుతున్నాయి. 2024–25లో దేశ రక్షణ ఎగుమతులు 23,622 కోట్ల రూపాయలు. 2024 సెప్టెంబరులో భారత గుండ్లు ఐరోపా కొనుగోలుదారుల ద్వారా ఉక్రెయిన్‌కు చేరుతున్నాయని రాయిటర్స్ రాసింది. రష్యా అభ్యంతరం చెప్పిందనీ రాసింది. ఆ కథనం ఊహాజనితం, తప్పుదోవ పట్టించేదని విదేశాంగ శాఖ ఖండించింది. వాస్తవం ఎలా ఉన్నా చిక్కు మాత్రం నిజం: కొన్నవాడు ఎవరికి ఇవ్వాలో అమ్మినవాడు షరతు పెట్టవచ్చు, సరుకు గడప దాటాక దాన్ని అమలు చేయించడం కష్టం. దక్షిణ కొరియా దీన్ని మరోలా దాటింది. ఉక్రెయిన్‌కు నేరుగా ప్రాణాంతక ఆయుధాలు ఇవ్వకుండా అమెరికా నిల్వలకు గుండ్లు సమకూర్చినట్టు వార్తలొచ్చాయి. అమెరికా తన పాత నిల్వను ఉక్రెయిన్‌కు పంపింది.

సరఫరా చేసే దేశపు రేవులకూ ముప్పు ఉంటుందని విశాఖకు తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. అప్పటికి విశాఖ రేవు తెరిచి పదేళ్లు కూడా కాలేదు. బ్రిటిష్ సామ్రాజ్యపు యుద్ధ సరఫరాలో భాగం కావడమే దానికి శత్రువు గురి తగిలించింది.

డ్రోన్లు వచ్చాక

ఉక్రెయిన్ రణరంగంలో ఇప్పుడు ప్రాణనష్టంలో పెద్ద భాగం చిన్న డ్రోన్ల వల్ల జరుగుతోంది. అందువల్ల గుండ్ల కర్మాగారాల పెట్టుబడి వృథా అవుతుందేమోనన్న అనుమానం ఉంది. అది పూర్తిగా సరైనది కాదు. పొగమంచులో, గాలివానలో, రేడియో సంకేతాలను అడ్డుకున్న చోట చాలా డ్రోన్లు సరిగా పనిచేయవు, ఫిరంగి పనిచేస్తుంది. పైగా డ్రోను మోసుకెళ్లేదీ అదే పేలుడు పదార్థం. గుండ్ల షెడ్డు పనిలేక మూతపడినా మందు కర్మాగారానికి పని తగ్గదు. ఐరోపాలో ఇప్పుడు జోరందుకున్న పెట్టుబడి కూడా అటువైపే పోతోంది; ఫ్రాన్స్‌లోని బెర్జెరాక్‌లో ఏళ్ల కిందట ఆపేసిన చోదక మందు తయారీని తిరిగి మొదలుపెట్టడం అందులో ఒకటి.

ఆంధ్రప్రదేశ్‌లో మందుగుండు పరిశ్రమ ప్రతిపాదన వచ్చినప్పుడల్లా ఏడాదికి ఎన్ని గుండ్లు, ఎన్ని ఉద్యోగాలు అన్న అంకెలే ముందు ప్రకటిస్తారు. వాటికన్నా ముందు పత్రాల్లో వెతకవలసిన వివరాలు వేరే ఉన్నాయి: టి.ఎన్.టి. ఎవరు ఇస్తారు, నైట్రోసెల్యులోజ్‌కు పీచు ఏ దేశం నుంచి వస్తుంది, సైన్యం ఏటా కనీసం ఎంత కొంటుందని రాసిచ్చింది, ఆమ్లపు వ్యర్థం ఎక్కడికి పోతుంది, దగ్గరి ఊరు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది, ఆ దూరం ఇరవై ఏళ్ల తర్వాత కూడా అలాగే ఉండేలా భూమి మీద ఏ ఆంక్ష పెట్టారు.